ప్లేటుతో పాటు నంబరూ దాచండి

పద్యనాటకం సెట్టులో ఒక్క ప్లేటు పోతే కథ అక్కడితో తెగిపోతుంది. పదంగుళాల గ్రామఫోన్ రికార్డుకు ఒక పక్క పట్టేది మూడు నిమిషాల పైచిలుకు పాటే. అందుకే కంపెనీలు నాటకాన్ని ముక్కలు చేసి, వరసగా కొన్ని ప్లేట్ల మీద ఎక్కించి అమ్మేవి. నా దగ్గరున్న ఒక సెట్టులో మూడో ప్లేటు లేదు. దానికోసం చెన్నైలో చాలాకాలంగా వెతుకుతున్నాను. ఈ వెతుకులాటలో నాకు బలపడిన అభిప్రాయం ఒకటే. అరుదైన ప్లేటు సంపాదించడం గొప్పే, దాని వివరం నలుగురికీ తెలిసేలా రాసిపెట్టడం అంతకన్నా గొప్ప.

తెలుగు ప్లేటు కోసం ఈ ఊళ్ళో వెతకడానికి కారణముంది. మౌంట్ రోడ్డు సరస్వతీ స్టోర్స్ ఓడియన్ రికార్డులు అమ్మిన రోజుల్లో దాన్ని నడిపినవారిలో ఎ.వి.మెయ్యప్పన్ ఒకరు. ఏవీఎం స్టూడియో కట్టింది ఆ తరవాతే. ఘంటసాల సినిమాల్లో ఇంకా నిలదొక్కుకోని కాలంలో, హెచ్.ఎం.వి.లో పనిచేస్తున్న పేకేటి శివరాం చొరవతో ఆయన గొంతు ప్లేటు మీదికి ఎక్కింది. తరవాత తెలుగు సినిమావాళ్ళు హైదరాబాదుకు తరలిపోయారు. ప్లేట్లు మాత్రం ఎన్నో ఇక్కడి ఇళ్ళ అటకల మీదే ఉండిపోయాయి.

అటక దిగిన సరుకు ఒకప్పుడు సెంట్రల్ స్టేషన్ పక్కనున్న మూర్ మార్కెట్‌కు చేరేది. 1900లో తెరిచిన ఆ మార్కెట్ 1985 మేలో కాలిపోయింది. పాత పుస్తకాల కొట్లు అల్లికుళం కాంప్లెక్సుకు మారాయి. మార్కెట్ ఉన్న స్థలంలో ఇప్పుడు సబర్బన్ రైళ్ళు ఆగుతున్నాయి. మార్కెట్ పోవడంతో వెతికేవాడు ఇంటింటి కబురు మీదా, పాత సామాన్ల వ్యాపారుల ఫోన్ల మీదా ఆధారపడాల్సి వస్తోంది.

ఆ వ్యాపారులు మొదట అడిగేది నాటకం పేరు కాదు, నంబరు. లేబుల్ మీద అచ్చయిన కేటలాగు నంబరు రెండు పక్కలకూ ఒకటే. లేబుల్ చుట్టూ మిగిలిన నల్లని అంచులో చెక్కి ఉండే మాట్రిక్స్ నంబరు మాత్రం ఏ పక్కది ఆ పక్కదే. లేబుల్ చినిగినా, గాయకుడి పేరు చెరిగిపోయినా, అది ఏ రికార్డింగో చెప్పగలిగేది ఆ నంబరే. లక్కతో చేసిన ప్లేటు చేయి జారితే పగిలిపోతుంది, ఎండకు వంగిపోతుంది. నంబరు ఒకచోట రాసి ఉంటే, పగిలిన ప్లేటుకు జత ఇంకెక్కడుందో వెతకడానికి దారి ఉంటుంది.

జాబితా విలువ అమెరికావాళ్ళ బేస్‌బాల్ కార్డుల కథలో కనిపిస్తుంది. సిగరెట్ పెట్టెల్లో వచ్చిన, ఆటగాడు హోనస్ వాగ్నర్ బొమ్మ ఉన్న కార్డు ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ కార్డున్న వరసను ఈనాటికీ 'టి206' అనే పిలుస్తారు. ఆ పేరు జెఫర్సన్ బర్డిక్ అనే సేకర్త తయారుచేసిన కేటలాగు నుంచి వచ్చింది. ఆయన ధనవంతుడు కాదు, పైగా కీళ్ళవాతం మనిషి. మూడు లక్షలకు పైగా కార్డుల్ని న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేసి, నొప్పి పెట్టే చేతులతోనే వాటిని ఆల్బమ్‌లలో అతికించారు. 1963 జనవరిలో ఆ పని ముగించి, మార్చిలో కన్నుమూశారు. కోట్లు పలికే వేలంపాటలకన్నా ఈ మనిషి శ్రమే నాకు ఆదర్శం.

మనకూ ఆదర్శాలున్నాయి. చెన్నైలో వి.ఎ.కె. రంగారావు గారు యాభై వేలకు పైగా రికార్డులు సేకరించడంతో ఆగలేదు, వాటిలోని సంగీతం గురించి దశాబ్దాలపాటు రాశారు. తమిళుల సంగతి చూడండి. సైన్‌బోర్డులు రాసే కోట్టైయూరు మనిషి రోజా ముత్తయ్య ఒంటిచేత్తో పోగుచేసిన పుస్తకాలు, పత్రికలు ఆయన పోయాక చెదిరిపోలేదు. షికాగో విశ్వవిద్యాలయం వాటిని కొన్నది, 1994లో చెన్నైలో ఆయన పేరిట పరిశోధన గ్రంథాలయం వెలిసింది. తెలుగు ప్లేట్లకూ అలాంటి చోటు ఒకటి కావాలి. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు ఈ పని తలకెత్తుకోవాలి.

వివరం బయటపెడితే పోటీ పెరుగుతుందని కొందరు సేకర్తలు దాచుకుంటారు. వారి భయం నాకు అర్థమవుతుంది, కానీ దానితో ఏకీభవించలేను. ఇంట్లోవాళ్ళకు కూడా తెలియకుండా దాచిన ప్లేటు, దాచినవారు పోగానే పాత పేపర్ల కొట్టుకు వెళ్తుంది. ఏం పోయిందో చెప్పగలిగేవారు కూడా అప్పుడు మిగలరు.

కాబట్టి, చెన్నైలో తాతల నాటి ఇళ్ళున్న తెలుగువాళ్ళకు నా విన్నపం. అటక ఖాళీ చేసేముందు కాగితం, కలం దగ్గర పెట్టుకోండి. ప్రతి ప్లేటుకూ కంపెనీ పేరు, పాడినవారి పేరు, కేటలాగు నంబరు, రెండు పక్కల మాట్రిక్స్ నంబర్లు రాయండి. లేబుల్‌ను ఫోన్‌తో ఫొటో తీయండి. ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా ఉంచండి. అమ్ముకోవాలా, ఉంచుకోవాలా, ఎవరికైనా ఇవ్వాలా అన్నది ఆ తరవాత మీ ఇష్టం.