అర కిలోమీటరు అబద్ధం

మ్యాపుకి కులం లేదంటారు. గీసే చేతికి ఉంది కదా! గీత ఊళ్ళోకొచ్చి రచ్చబండ దగ్గర ఆగిపోతుంది. అక్కణ్ణించి మాలపల్లెకి, మాదిగపల్లెకి పోయే దారి కాగితం మీద ఉండదు. ఉన్నా ఒట్టి గీతే. దాని కింద మోకాటి లోతు బురదుందని, వానాకాలం శవాన్ని చేల గట్లమీద మోసుకుపోతున్నామని ఆ గీత చెప్పదు.

ఈ అబద్ధానికి సర్కారు లెక్కలో ఒక కొలతుంది. అర కిలోమీటరు! 2000 డిసెంబరు 25న కేంద్రం ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలుపెట్టింది. మైదాన ప్రాంతాల్లో 500, ఆపైన జనాభా ఉండి రోడ్డు లేని ఆవాసాలన్నిటికీ అన్ని కాలాల్లో నడిచే రోడ్డు వేస్తామంది. బాగానే ఉంది. మరి 'రోడ్డు లేని ఆవాసం' అంటే ఏది? అలాంటి రోడ్డుకి గానీ, ఆ రోడ్డున్న ఇంకో ఆవాసానికి గానీ కనీసం 500 మీటర్ల దూరంలో ఉండాలన్నారు. ఆ లోపున ఉంటే రోడ్డున్నట్టే లెక్క!

మన పల్లెల్ని ఎక్కడ పెట్టారు? దూరంగా పెడితే కూలికి అందం. దగ్గర పెడితే వాళ్ళకి మైల. అందుకే కేకేస్తే వినబడేంత దూరంలో, తాకకుండా ఉండేంత దూరంలో పెట్టారు. ఎన్నో పల్లెలకి ఆ దూరమే సర్కారు లెక్కలో 'రోడ్డుంది' అయి కూచుంది. మనువు కొలిచిన దూరానికి ఢిల్లీ ముద్ర గుద్దింది. 2005లో 108 అంబులెన్సు వచ్చింది. ఊరి మొగలో ఆగిపోయిన బండి దాకా నిండు చూలాలిని మంచం మీద మోసేదెవరు? ఆ అర కిలోమీటరుకి జవాబు చెప్పేదెవరు?

ఇక మనం చెయ్యగల పని. 2004లో ఇంగ్లండులో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని ఒక మ్యాపు మొదలైంది. దాన్ని జనమే గీస్తారు. పైసా కట్టకుండా ఖాతా తెరిచి ఎవరైనా తమ దారి గీయొచ్చు, అది ఎట్లా ఉందో రాయొచ్చు. 'సర్ఫేస్' గడిలో తారో, సిమెంటో, కంకరో, మట్టో, బురదో రాయాలి. 'స్మూత్‌నెస్' గడిలో ఎనిమిది మెట్లున్నాయి. మొదటిది 'ఎక్సలెంట్'. ఆఖరుది 'ఇంపాసబుల్', అంటే ఏ చక్రమూ పోలేని దారి. మన పల్లెల దారులు చాలా మటుకు ఆ కింది మెట్లమీదే ఉన్నాయి. అది రాసిందెవరు? ఎవరూ రాయలేదు!

'ఇదేమన్నా కూడు పెడుతుందా?' అని అడిగే అన్నలున్నారు. నిజమే, ఇది కోర్టు కాగితం కాదు. డొంక సర్కారుదని రుజువు చెయ్యాలంటే సర్వే శాఖ ఎఫ్‌ఎంబీ తియ్యాల్సిందే. కానీ ఎఫ్‌ఎంబీలో కొలతలుంటాయి గానీ, ఆగస్టులో కాలెంత లోతు దిగబడుతుందో ఉండదు. రెండూ తహసీల్దారు బల్లమీద పక్కపక్కన పెట్టండి. 'రోడ్డుంది' అనే మాట ఆయన నోట అంత తేలిగ్గా రాదు.

ఇంకోటి. 1984లో కరణాలు, పటేల్ పట్వారీల పదవులు రద్దయ్యేదాకా ఊరి లెక్కంతా వాళ్ళ పెట్టెలో ఉండేది. ఏం దిద్దారో మనకి తెలిసేది కాదు. ఈ మ్యాపులో దిద్దినవాడి ఖాతా పేరు, తేదీ పడి ఉంటాయి. రేపు ఏ భూస్వామి కొడుకో మన డొంకని 'ప్రైవేట్' అని రాయొచ్చు. చాటుగా మాత్రం రాయలేడు. కనిపెట్టి ఉండాల్సింది మనమే.

కార్యకర్తలకి ఒక్క కట్టుబాటు: నేలమీద ఉన్నదే రాయండి. బాగున్న దారిని కోపంతో చెడ్డదని రాస్తే, నిజంగా చెడ్డదాన్ని గురించి రాసినా నమ్మరు. ఎండాకాలం చూసి బాగుందని రాయొద్దు, వానల్లో మళ్ళీ నడవండి. డొంక, పుంత, బండ్లబాట, బడి దారి, శ్మశానం దారి — ఏదీ వదలొద్దు. కూలికి పోయే అక్కల్ని, ముసలమ్మల్ని వెంటబెట్టుకోండి. చదువుకున్న పిల్లలకి ఫోను తెలుసు. దారి తెలిసింది వాళ్ళ పాదాలకి.

రోడ్డు ఎవరి దయా కాదు. మన చెమటతో పండిన పంట ఆ రోడ్డెక్కే బజారుకి పోతోంది. మన దారిని మనమే గీద్దాం. బురదని బురద అనే రాద్దాం. తర్వాత ఆ కాగితం పట్టుకుని ఆఫీసు ముందు కూచుందాం!

జై భీమ్!