అత్తాకోడళ్ళ లంక యాత్ర

శ్రీలంక చూడాలని నాకు చాలా ఏళ్ళ కోరిక. చీటీ డబ్బులు చేతికి రాగానే 2024 ఫిబ్రవరిలో ఐదు రోజుల బస్సు టూరుకి మావారికీ నాకూ పేర్లు ఇద్దామనుకున్నాం. తీరా డబ్బు కట్టే ముందు రోజు మావారికి ఆఫీసులో ఆడిట్ అని తేలింది. "అమ్మని తీసుకెళ్ళు, పాస్‌పోర్టు ఉందిగా" అన్నారు తేలిగ్గా. ఆవిడకి పాస్‌పోర్టు ఎందుకుందంటే, మా ఆడపడుచు పురిటికి అమెరికా వెళ్ళొచ్చారు. ఆర్నెల్లుండి అక్కడ వంటిల్లు తప్ప ఏమీ చూడలేదట!

నా గుండె గుభేలుమంది. ఐదు రోజులు, ఒకే గదిలో, మా అత్తయ్యగారితో! ఆవిడ చెడ్డమనిషి కాదు. కానీ మా చెల్లెలి పెళ్ళికి ముహూర్తం నాటి పొద్దున గానీ నన్ను పుట్టింటికి పంపలేదు. ఆ ముల్లు నాలో ఇరవై రెండేళ్ళుగా ఉంది. పైకి ఎప్పుడూ అనలేదు, అంతే.

నెల్లూరు నుంచి రైల్లో మద్రాసు, అక్కడ విమానం ఎక్కితే గంటంపావులో దిగిపోయాం. విమానాశ్రయం కొలంబో ఊళ్ళో కాదు, కటునాయకలో ఉంటుంది. బయట బస్సు సిద్ధంగా ఉంది. ముప్ఫైమందిమి, అందరూ తెలుగువాళ్ళే. మొదటి రోజంతా ప్రయాణమే. దారి పొడుగునా కొబ్బరి చెట్లు, పచ్చని పొలాలు. "మన కోనసీమలా లేదూ?" అన్నారు అత్తయ్య. ఆ రోజుకి మా మాటలు అంతే.

రెండో రోజు పొద్దున్నే సిగిరియా. చదునైన అడవి మధ్యలో దాదాపు ఆరొందల అడుగుల ఎత్తున నిలబడ్డ ఒకే ఒక్క బండ. అయిదో శతాబ్దంలో కాశ్యపుడనే రాజు తండ్రిని చంపి గద్దెనెక్కి, తమ్ముడొచ్చి పగ తీర్చుకుంటాడన్న భయంతో ఆ బండ మీద కోట కట్టుకున్నాడట. పైకి సుమారు పన్నెండొందల మెట్లు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. "నేనూ మీతో కింద కూర్చుంటాలెండి" అన్నాను. మనసులో మాత్రం ఉసూరుమంది.

ఆవిడ నా వంక చూసి, "అమ్మాయ్, ఇన్నాళ్ళూ నేను కూర్చోమంటే కూర్చున్నావు. ఇవాళ ఎక్కమంటున్నా, ఎక్కు" అన్నారు. మంచినీళ్ళ సీసా చేతికిచ్చి మరీ పంపారు.

ఎక్కాను. సగం దారిలో బండ గోడ మీద ఆడవాళ్ళ బొమ్మలున్నాయి. చేతుల్లో పూలు, మెడలో నగలు. పదిహేను వందల ఏళ్ళ నాటి రంగులంటే నమ్మలేం. ఇంకా పైన రాతి సింహం పంజాలు రెండూ మిగిలాయి, వాటి మధ్య నుంచే మెట్లు. శిఖరం మీద రాజభవనం పునాదులు, నీళ్ళ కోనేరు, చుట్టూ కనుచూపు మేర అడవి. కిందికి దిగేసరికి అత్తయ్య మా బస్సులో పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని జంతికలు పంచుతున్నారు!

మధ్యాహ్నం దంబుల్లా గుహాలయం. అయిదు గుహల నిండా బుద్ధ విగ్రహాలు, కప్పంతా రంగుల బొమ్మలు. అక్కడి నుంచి మాతలే మీదుగా క్యాండీ. దారిలో ఒక సుగంధ ద్రవ్యాల తోటలో ఆపారు. నడుంనొప్పి నుంచి జుట్టు ఊడటం దాకా అన్నిటికీ నూనెలున్నాయన్నారు. చిన్న సీసా ధర విని అత్తయ్య నా మోచెయ్యి గిల్లారు. అక్కడ నేర్చుకున్న మంచి విషయం ఒకటి: సిలోన్ దాల్చినచెక్క పల్చటి కాగితం పొరలు చుట్టినట్టుంటుంది, వేళ్ళతో నలిపితే విరిగిపోతుంది. మనకు కొట్లలో ఎక్కువగా దొరికే మందపాటి గట్టి చెక్క వేరే జాతిది.

క్యాండీలో బుద్ధుడి దంతం ఉన్న గుడి చూశాం. కళింగ రాకుమారి హేమమాలి ఆ దంతాన్ని కొప్పులో దాచి లంకకు తెచ్చిందని కథ. ఆడదాని కొప్పు ఎంత పనికొచ్చిందో చూడండి! సాయంత్రం పూజకి డోళ్ళు, సన్నాయిలు మోగుతాయి. దంతం కనిపించదు, బంగారు పేటిక మాత్రమే చూడనిస్తారు. క్యాండీని ఏలిన చివరి వంశం మన తెలుగు మూలాలున్న నాయకులదని అక్కడే తెలిసింది. ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహ 1807లో తవ్వించిన చెరువు గుడి పక్కనే ఉంది. 1815లో ఇంగ్లీషువాళ్ళు ఆయన్ని దించి మన రాయవెల్లూరు కోటకు పంపేశారు. 1832లో అక్కడే పోయాడు. వెల్లూరు మా నెల్లూరు నుంచి ఎంత దూరమని!

నాలుగో రోజు నువర ఎలియ. ఆరువేల అడుగుల ఎత్తు, వణికించే చలి. 1867లో జేమ్స్ టేలర్ అనే ఆయన లంకలో తేయాకు తోట మొదలుపెట్టాడట. తర్వాత తెగులు వచ్చి కాఫీ తోటలు పోవడంతో కొండలన్నీ తేయాకుకి మారాయి. ఆకు కోసే ఆడవాళ్ళు చాలామంది తమిళులే. ఇంగ్లీషువాళ్ళ కాలంలో పనికోసం తీసుకొచ్చిన వాళ్ళ వారసులు.

దగ్గర్లోనే సీతమ్మవారి గుడి. పక్కన చిన్న వాగు, బండల మీద హనుమంతుడి పాదాలని చూపించే గుంటలు. అశోకవనం ఇదేనని నమ్మకం. అత్తయ్య వాగు ఒడ్డున చాలాసేపు కూర్చున్నారు. ఉన్నట్టుండి, "సీతమ్మని వెతుక్కుంటూ హనుమంతుడన్నా వచ్చాడు. నన్ను పదహారో ఏట కాపురానికి తెచ్చి, ఏడాదిన్నర పుట్టింటి గడప తొక్కనివ్వలేదు మా అత్తగారు" అన్నారు. నేను మాట్లాడలేదు. కాసేపాగి, "నీ చెల్లెలి పెళ్ళికి నిన్ను నాలుగు రోజుల ముందు పంపాల్సింది. నాకు జరిగిందే నీకూ చేశా. తప్పేనమ్మాయ్" అన్నారు.

ఏమనాలో తెలీలేదు. చలిగా ఉందని శాలువా తీసి ఆవిడ భుజాల మీద కప్పాను. బస్సు హారన్ కొడుతుంటే చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించాను. ఆ రాత్రి గదిలో పన్నెండు దాకా కబుర్లు చెప్పుకున్నాం. ఇరవై రెండేళ్ళలో అదే మొదటిసారి.

మీరూ వెళ్ళదలిస్తే నాలుగు మాటలు. కొలంబో, కొండ ప్రాంతాలకి జనవరి నుంచి మార్చి దాకా బాగుంటుంది. గుళ్ళలో భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలుండాలి, బుద్ధుడికి వీపు పెట్టి ఫొటో దిగకూడదు. బీపీ, షుగరు మాత్రలు పెద్ద పెట్టెలో కాదు, చేతిసంచిలో పెట్టుకోండి. మేం వెళ్ళినప్పుడు మన రూపాయికి అక్కడివి మూడుకు పైగా వచ్చాయి, ధరలు చూసి హడలిపోకండి. శాకాహారులు కొబ్బరి పచ్చడి కూడా అడిగి తినాలి, అందులో ఎండు చేప పొడి వేస్తారు.

ఆ పచ్చడి చేప లేకుండా మా ఇంట్లో ఇప్పుడు తరచూ చేస్తున్నాం. పచ్చికొబ్బరి కోరు ఒక కప్పు, చిన్న ఉల్లిపాయలు నాలుగు, ఎండుమిరపకాయలు ఆరు, ఉప్పు. మిరపకాయలు, ఉప్పు, ఉల్లి ముందు దంచి, కొబ్బరి వేసి మళ్ళీ కచ్చాపచ్చాగా దంచి, నిమ్మరసం పిండాలి. తాలింపు అక్కర్లేదు. ఇడియాప్పంలోకి, దోసెలోకి కూడా బాగుంటుంది.

దంచేది అత్తయ్య, నిమ్మకాయ పిండేది నేను. మావారు రుచి చూసి, "ఈసారి ముగ్గురం వెళ్దాం" అన్నారు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని, "మీకు ఆడిట్ ఉంటుందిగా!" అన్నాం.