గడపలోనికి వచ్చిన కబురు

2008 నవంబరు 26వ తేదీని ముంబయి నగరముపై జరిగిన ఘోరమును మన పాఠకులు మరచియుండరు. సముద్రమార్గమున వచ్చిన 10 మంది ముష్కరులు 166 మందిని బలిగొనిరి. అంతకుముందే పలుమారులు ఆ నగరమునకు వచ్చి, తాజ్ హోటలు మొదలగు స్థలములను పరిశీలించి, వాని చిత్రములను లష్కరే తోయిబా వారికందించిన డేవిడ్ హెడ్లీ అను అమెరికా పౌరుడు 2013 జనవరిలో షికాగో న్యాయస్థానముచే 35 సంవత్సరముల కారాగారశిక్ష నొందెను. ఇంతవరకు అందరెరిగినదే. పలువురెరుగని మాట యొకటి కలదు.

దాడికి ఏడాదిలోపుగా, హెడ్లీ భార్యలలో నొకతె ఇస్లామాబాదులోని అమెరికా రాయబార కార్యాలయమునకు స్వయముగా వెళ్లి, తన భర్త ఉగ్రవాదులతో చేరి యేదో దుష్కార్యము తలపెట్టుచున్నాడని అధికారులకు విన్నవించెను. తామిరువురును తాజ్ హోటలులో బసచేసినప్పటి ఛాయాపటములను సైతము చూపితినని ఆమె తరువాత పత్రికలవారితో చెప్పినది. ఆమె తెచ్చిన సమాచారములో నిర్దిష్టమైన వివరము లేకుండెనని 2010లో అమెరికా అధికారులు సమాధానము చెప్పిరి.

ఈ సమాధానము మాకు సమ్మతము కాదు. న్యాయస్థానములో నేరమును రుజువు చేయవలసిన భారము అభియోగము తెచ్చినవానిది. సమాచారము తెచ్చినవానికి అట్టి భారము లేదు. పొగ కనబడుచున్నదని పరుగున వచ్చినవానిని నిప్పెక్కడనో చూపుమని నిలదీయుట న్యాయమా? నిప్పును వెదకుట జీతము తీసికొను అధికారుల పని. భర్తతో కలహించిన స్త్రీ మాట నెట్లు నమ్మవచ్చునని కొందరడుగుదురు. మేము న్యాయవాదవృత్తిలో నుండి చూచినదేమనగా, గుట్టు బయటపెట్టువారిలో మనసు విరిగినవారే అధికులు. కాపురము చక్కగా సాగుచున్న యిల్లాలు కచేరిమెట్లెక్కదు. చెప్పినవారికి కోపము కలదన్నంతమాత్రమున చెప్పినది అబద్ధము కానేరదు. దానిని విచారించి చూడవలెను గాని విసర్జింపరాదు.

గౌరవమర్యాదలు గలవాని మాటకైనను రక్షణ గలదా యనిన, అదియు లేదు. 2009 నవంబరు 19వ తేదీని నైజీరియా రాజధానియగు అబుజాలో, పూర్వము మంత్రిగను గొప్ప బ్యాంకునకు అధ్యక్షుడుగను పనిచేసిన పెద్దమనిషి యొకడు అమెరికా రాయబార కార్యాలయమునకు వెళ్లి, తన కుమారుడు తీవ్రవాదుల వలలో బడి యెమెను దేశమున నున్నట్లున్నదని మొరపెట్టుకొనెను. కన్నకొడుకుమీద పరదేశపు కచేరిలో చెప్పుకొనుటకు ఆ తండ్రి యెంత కుమిలియుండవలె! అధికారులు శ్రద్ధగనే వినిరి. మరునాడే వాషింగ్టనుకు వార్త పంపిరి. కాని కుమారుని పేరు వ్రాయుటలో నొక అక్షరము తప్పిపోయినది. అందుచే అతనికి అప్పటికే వీసా గలదను సంగతి వెంటనే బయటపడలేదు. విమానమెక్కరానివారి పట్టికలోనికి ఆ పేరెక్కలేదు. డిసెంబరు 25వ తేదీని ఆ యువకుడు లోదుస్తులలో ప్రేలుడుపదార్థమును దాచుకొని, ఆమ్‌స్టర్‌డామ్ నుండి డిట్రాయిటుకు పోవు విమానమెక్కెను. అది సరిగా ప్రేలక మండుటచేతను, తోడి ప్రయాణికులు అతనిని పట్టుకొనుటచేతను సుమారు 290 ప్రాణములు దక్కినవి. సమాచారము చేతనుండియు దానిని కలిపి చూడలేకపోతిమని అధ్యక్షుడు ఒబామా 2010 జనవరిలో ఒప్పుకొనెను.

మొదటి సందర్భమున మాటను తేలికగా తీసికొనిరి. రెండవ సందర్భమున మాటను గౌరవించిరి గాని కాగితమును పోగొట్టుకొన్నంత పని చేసిరి. రెంటను కొరవడినది ఒక్కటే: ఈ కబురునకు నేను జవాబుదారీయని చెప్పు మనిషి.

మన దేశమున నొక పల్లెటూరి పోలీసుఠాణాకు పోయి కొన్ని తీవ్రనేరములనుగూర్చి నోటిమాటగా చెప్పినను, అధికారి దానిని వ్రాసికొని, చదివి వినిపించి, సంతకము పుచ్చుకొని, ఉచితముగ నకలు ఇయ్యవలెనని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 154వ సెక్షను విధించినది. ఇప్పటి నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షనులోను ఆ విధి నిలిచియున్నది. గొఱ్ఱె పోయినదని చెప్పిన కాపునకు గల యీ పాటి హక్కు, నగరమునకు ముప్పు రానున్నదని పరదేశమున చెప్పవచ్చినవానికి ఉండవలదా? నకలు మాత్రము మేము కోరము. అట్టి కాగితము జేబులో దొరకిన అతని ప్రాణమునకే మోసము రావచ్చును. అతని భాషలో విని, వ్రాసినది చదివి వినిపించి, పేర్లను సరిచూచి, మరల నెవరిని కలిసికొనవలెనో నోట చెప్పిన చాలును.

ఇది మనకు దూరపుమాట కాదు. కరీంనగరము, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాలనుండి గల్ఫుదేశములకు పోయిన మనవారు వేలకు వేలు. వారిలో నొక కూలివానికి బసలో నొక రాత్రి అనుమానింపదగిన మాటలు చెవిని బడినవనుకొందము. ఉత్తరము చేతులు మారును; ఫోనులో చెప్పినది ఎవరు విందురో తెలియదు. అందుచే ఒకనాటి కూలి పోగొట్టుకొని మన రాయబార కార్యాలయమునకే పోవును. అతనికి ఆంగ్లము రాదు. లోనికి పోవుటకు చీటీ యేదని వాకిటి కావలివాడడుగును. వచ్చిన పనియో, పదిమందిలో చెప్పదగినది కాదు. అతడేమి చేయవలెను? తిరిగిపోవును. ఆ కబురు అడవి గాచిన వెన్నెల యగును.

విదేశాంగశాఖవారు ఇందులకు లోలోపల నియమములు చేసికొనియున్నను, సామాన్యునికి తెలియునట్లు వానిని ప్రకటింపవలెను. రహస్యమైన పనిమీద వచ్చితినన్న ఒక్కమాటకు తలుపు తెరచి, తెలుగెరిగిన యొక అధికారియొద్దకు పంపు ఏర్పాటుండవలెను.

ప్రజలకును ధర్మము కలదు. కన్నది కన్నట్లు, విన్నది విన్నట్లు చెప్పవలెను. ఊహించినది ఊహయనియే చెప్పవలెను. పగ తీర్చుకొనుటకు అబద్ధపు కబురు చేరవేయువాడు నిర్దోషిని చెరసాలకీడ్చుటయే గాక, రేపు నిజము చెప్పవచ్చువాని దారిని మూసివేయుచున్నాడు. అట్టివానిని చట్టము శిక్షింపవలసినదే. కాని అట్టివాడొకడు కలడన్న భయముచే అందరికిని తలుపు మూయరాదు. ముంబయిలో పోయిన 166 ప్రాణములు మన కచేరీలకు ఈపాటి పాఠమైనను నేర్పవలదా?