మాత్రలు మానిపిస్తామనే మాట

నిజాంపట్నం హార్బరు నుంచి వేటకు వెళ్లే మనిషికి కిడ్నీ మార్చారనుకుందాం. కొత్త కిడ్నీని ఒళ్లు పరాయిదని తోసేయకుండా టాక్రోలిమస్ వంటి మందులు రోజూ వేళ తప్పకుండా వేసుకోవాలి. ఆ మందు రక్తంలో ఎంత ఉందో చూపించుకోవాలంటే రేపల్లె దాటి గుంటూరు దాకా పోవాలి. పడవ రోజుల తరబడి సముద్రంలో ఉంటే ఈ వేళలన్నీ తారుమారే. అలాంటివారికి ‘మూలకణాలు ఎక్కిస్తే ఇక మాత్రలతో పనిలేదు’ అన్న మాట తియ్యగా వినిపిస్తుంది. ఇప్పటికున్న ఆధారాలు ఆ మాటను బలపరచడం లేదు. అవి చూపించే దారి ఇంకొకటి: మూలకణాలను మందులకు తోడు చేసి, మందుల మోతాదు తగ్గించుకోవడం.

ఆ దారి ఎందుకు అవసరమో మందుల తీరే చెబుతుంది. 1954లో బోస్టన్‌లో తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి ఒకే పోలిక కవలల మధ్య జరిగింది కాబట్టి రోగనిరోధక శక్తిని అణచాల్సిన పని పడలేదు. మిగతావారికి ఆశ పెరిగింది సైక్లోస్పోరిన్, ఆ తర్వాత టాక్రోలిమస్ వచ్చాకే. కానీ కంచే చేను మేసినట్టు, కిడ్నీని కాపాడే ఈ మందులే ఏళ్లు గడిచేకొద్దీ దాన్ని దెబ్బతీస్తాయి. షుగరు తెప్పిస్తాయి, క్షయ వంటి జబ్బులకు సందు ఇస్తాయి. 2012లో చైనా వైద్యులు బంధువుల నుంచి కిడ్నీ పొందిన 159 మందిపై జరిపిన ప్రయోగంలో కొందరికి వారి సొంత ఎముక మజ్జ మూలకణాలనే ఎక్కించారు. తొలి ఆరు నెలల్లో తిరస్కరణలు తగ్గాయి, ఇన్‌ఫెక్షన్లూ తగ్గాయి. వారిలో ఒక బృందానికి మందు అయిదో వంతు తగ్గించి ఇచ్చారు. మందులు పూర్తిగా మానిపించే ప్రయత్నం మాత్రం ఇంత సాఫీగా సాగలేదు. 2008లో బోస్టన్ వైద్యులు దాత మజ్జను కూడా ఇచ్చిన అయిదుగురిలో నలుగురు మందులు మానగలిగారు, ఒకరు ఆ కిడ్నీనే పోగొట్టుకున్నారు. అమెరికాలో తర్వాత జరిగిన ఓ పెద్ద ప్రయోగంలో దాత కణాలే గ్రహీత ఒంటిపై తిరగబడి ఒకరు చనిపోయారు. 2023లో ఆ ప్రయోగమే ఆగిపోయింది. ఇలాంటి తిరుగుబాటును అణచడానికి నేటికీ వాడే మెథోట్రెక్సేట్ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధనల ఫలమేనని ఎందరికి తెలుసు? కణాలకూ మందు తోడు కావాల్సిందే.

పేదవాడికి మామూలు మందే సరిగా అందనప్పుడు ఈ ఖరీదైన ముచ్చట ఎందుకని అడగవచ్చు. ఏది ముందు, ఏది తర్వాత అన్నంతవరకూ ఆ ప్రశ్న న్యాయమైనదే: ముందు రేపల్లె, బాపట్ల ఆసుపత్రుల్లోనే రక్తం తీసి టాక్రోలిమస్ పరీక్షకు పంపే ఏర్పాటు ఉండాలి, మాత్రల సరఫరా ఆగకూడదు. అయితే మోతాదు తగ్గితే ఎక్కువ మేలు పొందేదీ ఆ పేదవాడే. ప్రయోగాలు కార్పొరేట్ ఆసుపత్రుల గడప దాటకపోతే ఆ మేలు అతని దాకా రాదు. అహ్మదాబాద్ కిడ్నీ సంస్థలో డాక్టర్ హెచ్.ఎల్. త్రివేది బృందం ఏళ్ల తరబడి మూలకణాల బాటలో పనిచేసింది. మన ప్రభుత్వ బోధనాసుపత్రులకు అది సాధ్యం కాదనడానికి కారణం కనబడదు. బాధలో ఉన్నవాణ్ని ప్రయోగం తేలేదాకా ఆగమనడం క్రూరం కాదా అన్నది రెండో ప్రశ్న. తేలని వైద్యాన్ని అప్పుచేసి కొనమనడం అంతకన్నా క్రూరం. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ వ్యాధులు వంటి కొన్నింటికి తప్ప మూలకణాలను అనుమతి పొందిన ప్రయోగంలోనే వాడాలి, అందులో చేరిన రోగి దగ్గర రూపాయి తీసుకోకూడదు. కాబట్టి కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు మూలకణాల పేరిట ఎవరైనా డబ్బడిగితే ప్రయోగానికి అనుమతి పత్రం చూపించమనండి. మీ డాక్టరు చెప్పనిదే ఒక్క మాత్ర కూడా మానకండి.