ఎవరి దయ్యాలు?

పాడుబడ్డ ఇంట్లో ఒక దయ్యాన్ని కాపురం పెట్టనిదే మనకు తోచదు. ఊరి చివర తలుపులూడిన బంగళా కనబడితే చాలు, అర్ధరాత్రి అందులో గజ్జెల చప్పుడు విన్నామని చెప్పేవారు ఎవరో ఒకరు బయల్దేరతారు. ఆ గజ్జెలకు తెల్లచీర కట్టి, పాట కూడా పాడించి సినిమావాళ్లు బాగానే గడించారు. భయపడటంలో ఓ సరదా ఉంది, కాదనలేం. ఆ సరదా ముదిరినవారు దేశాలు దాటి వెళతారు. అలాంటివారికి ఏళ్ల తరబడి నచ్చిన చోటు కంబోడియాలోని బోకోర్ ప్యాలెస్ హోటల్.

ఆ దేశానికి దక్షిణాన, కాంపోట్ పట్టణానికి దగ్గర్లో ఉంది బోకోర్ కొండ. ఎత్తు వెయ్యి మీటర్ల పైమాటే. ఇంకో నాలుగడుగులు వేస్తే లోయలో పడతామనిపించే అంచున హోటల్ కట్టారు. ఆకాశం తెరిపిగా ఉన్న రోజున అక్కణ్నుంచి థాయ్‌లాండ్ సింధుశాఖ, అందులో వియత్నాం వారి ఫూక్వాక్ దీవి కనిపిస్తాయి. కానీ అక్కడ తెరిపి తక్కువ, మబ్బు ఎక్కువ.

తొంభైల చివరి నుంచి సుమారు పదేళ్లపాటు యాత్రికులు కాంపోట్‌లో మోటారు సైకిలో పికప్ ట్రక్కో మాట్లాడుకుని, గతుకులే తప్ప తారు మిగలని పాత ఫ్రెంచి రోడ్డు మీద నడుములు విరగ్గొట్టుకుంటూ పైకి వెళ్లేవారు. పైకి చేరాక ఏమీ కనబడేది కాదు. మబ్బు కాస్త పక్కకు జరిగితే ఎదురుగా హఠాత్తుగా నాలుగంతస్తుల గోడలు. వాటి నిండా నారింజ రంగు లైకెన్ పట్టి, కట్టడమంతా తుప్పు పట్టినట్టుండేది. లోపల తలుపుల్లేవు, కిటికీల్లేవు. కరెంటు తీగల కోసం, గొట్టాల కోసం ఎవరో గోడల్ని నిలువునా చీల్చుకుపోయారు. నేల మీది పలకలు మాత్రం చాలాచోట్ల చెక్కుచెదరలేదు. పెద్ద హాల్లో చలి కాచుకునే పొయ్యి, దాని ముందు ఎవరూ కూర్చోని ఖాళీ. అన్ని కిటికీల్లోంచీ ఒక్కసారిగా గాలి దూరితే వచ్చే ఊళ చాలు, సగం దయ్యం అదే. తక్కిన సగం మనం మోసుకెళ్లింది. 2002లో హాలీవుడ్ నటుడు మ్యాట్ డిలన్ తన ‘సిటీ ఆఫ్ గోస్ట్స్’ సినిమాకు, 2004లో కొరియావారు ‘ఆర్ పాయింట్’ అనే దయ్యాల సినిమాకు ఈ గోడల్నే వాడుకున్నారంటే సెట్టింగు ఖర్చు ఎంత కలిసొచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇక కథలు. వాటిలో ఎక్కువగా చెప్పేది జూదరులది. కాసినోలో సర్వం పోగొట్టుకుని, ఆ కొండ అంచు నుంచే దూకేశారట. వారి ఆత్మలు గదుల్లో తిరుగుతుంటాయట. ఆ తర్వాతి వంతు యుద్ధంలో చచ్చిన సైనికులది. వినడానికి బాగానే ఉంటాయి. అయితే ఈ కథల్లో ఒక లోటుంది. ఆ కొండ మీద ప్రాణాలు వదిలినవారిలో అందరికంటే ముందువారు వీటిలో అంతగా కనబడరు.

కంబోడియా 1863 నుంచి ఫ్రాన్స్ రక్షణలో, అంటే ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. దొరలకు మైదానపు ఉక్క పడదు. ఇంగ్లిష్ దొరలు ఊటీ చేరినట్లే వీరూ చల్లని కొండ వెతుక్కున్నారు. బోకోర్ నచ్చింది. 1925 ఫిబ్రవరి 14న హోటల్ తెరిచారు. విద్యుద్దీపాలు, విందులు, షాంపేను. కానీ షాంపేను అంత ఎత్తుకు ఎక్కాలంటే ముందు రోడ్డు కావాలి. దట్టమైన అడవిలో కొండను తొలిచి ఆ రోడ్డు వేసింది ఖైదీలు, వెట్టికి పట్టుకొచ్చిన రైతులు. చలిజ్వరాలతో, చాకిరీతో సుమారు తొమ్మిది వందల మంది చనిపోయారని బోకోర్ గురించి రాసేవారు ఎప్పుడూ చెప్పే లెక్క. వారి పేర్లు మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ కొండ నీడలోనే, ప్రే నోప్ ప్రాంతంలో, ఫ్రెంచి రచయిత్రి మార్గరిట్ డ్యురాస్ తల్లి కూడబెట్టిన డబ్బంతా పోసి భూమి కొంది. సముద్రం పొంగి ఏటా పంటను ముంచేది. ముంపు భూమిని అంటగట్టిన ఆ దగాను డ్యురాస్ 1950లో నవలగా రాసింది. అందులో రోడ్డు పనికి తోలిన ఖైదీల ప్రస్తావన ఉంది. దొరల బిడ్డ రాస్తే తప్ప వెట్టివారి మాట పుస్తకంలోకి ఎక్కలేదన్నమాట.

ఈ సంగతి తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు. సరిగ్గా బోకోర్ మీద హోటల్ లేస్తున్న ఏళ్లలోనే మన విశాఖ మన్యంలోనూ కొండల్లోకి రోడ్డు వేస్తున్నారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు వేయించిన రోడ్డు పనిలో గిరిజనులకు కూలి ఎగ్గొట్టి, చావబాది చాకిరీ చేయించాడు. 1922లో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో అదొకటి. ఇప్పుడు శీతకాలం వచ్చిందంటే మనం కుటుంబాలతో సహా అదే దిక్కున కార్లు తోలుకుంటూ లంబసింగి మంచు చూడటానికి పోతున్నాం. మంచులో ఫొటోలు బాగా వస్తాయి మరి.

మళ్లీ బోకోర్ దగ్గరకు వద్దాం. నలభైల కల్లోలంలో ఫ్రెంచివారు కొండ దిగిపోయారు. 1962లో కంబోడియా పాలకుడు సిహనూక్ హయాంలో కాసినోతో మళ్లీ కళ వచ్చింది. సిహనూక్‌కు సినిమాల పిచ్చి కూడా ఉండేది. 1969లో ‘రోజ్ ఆఫ్ బోకోర్’ తానే తీసి, తానే నటించాడు. మూడేళ్లు తిరిగేసరికి కొండ ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు గెరిల్లాల చేతికి పోయింది. 1979లో వియత్నాం సేనలు వచ్చినప్పుడు ఒక పక్షం హోటల్లో, మరో పక్షం కూతవేటు దూరంలోని చర్చిలో దాక్కుని నెలల తరబడి కాల్చుకున్నాయి. మధ్యలో ఖ్మేర్ రూజ్ దేశమంతా ఏలిన నాలుగేళ్లలోపే ఆ దేశంలో సుమారు పదిహేడు లక్షల మంది చనిపోయారు.

ఇంటింటా చావున్న దేశంలో దయ్యం అంటే వినోదం ఎలా అవుతుంది? అక్కడివారికి ప్చుమ్ బెన్ అనే పండుగ ఉంది. భాద్రపద బహుళంలో, సరిగ్గా మన మహాలయ పక్షం రోజుల్లోనే వస్తుంది. తెల్లవారకముందే లేచి అన్నం ముద్దలు కట్టి, చీకట్లో బౌద్ధాలయం చుట్టూ తిరుగుతూ నేల మీద వేస్తారు. తమ పెద్దలకే కాదు, నా అన్నవారు లేక ఆకలితో తిరిగే ఆత్మలకూ అవి అందాలని. మనమూ తర్పణాలు విడిచేటప్పుడు ఎవరూ లేనివారిని తలచుకుంటాం కదా. ఆ లెక్కన బోకోర్ రోడ్డు కూలీలకు ఏడాదికోసారి ఓ ముద్ద దక్కుతూనే ఉండాలి. యాత్రికుడు వెతికే దయ్యానికీ, కాంపోట్ అవ్వ అన్నం పెట్టే దయ్యానికీ పోలికే లేదు. ఒకటి మనల్ని భయపెట్టాలి. రెండోదానికి కడుపు నిండాలి.

2007 తర్వాత కథ మారింది. ఓ వ్యాపార సంస్థ కొండను 99 ఏళ్లకు లీజుకు తీసుకుంది. ముప్పై రెండు కిలోమీటర్ల నున్నటి రోడ్డు వేసింది. 2012లో పక్కనే కొత్త కాసినో వెలిసింది. 2018లో పాత హోటలూ సున్నం, రంగులు వేసుకుని మళ్లీ అతిథుల్ని పిలిచింది. దీన్ని చూసి నిట్టూర్చిన విదేశీ యాత్రికులు చాలామందే. లైకెన్ గీకేశారు, మాయ పోయింది అని. వారి బాధ అర్థం కానిదేమీ కాదు. కానీ ఎవరో వచ్చి జడుసుకోవడం కోసం ఒక పేద దేశం తన కట్టడాన్ని గాలికీ వానకూ వదిలి కూర్చోవాలనడం ఏం న్యాయం? శిథిలాన్ని ప్రేమించడం దాని పక్కన బతకనివారికి సులువు. ఇప్పుడు సెలవు దొరికితే కంబోడియన్లే పిల్లాజెల్లాతో పైకి వెళ్లి, చాపలు పరచుకుని తింటున్నారు. అది ఎన్నో నయం. అడవినీ, జాతీయ పార్కునూ కాసినోకు అప్పగించడం గురించి మాత్రం నిట్టూర్చాల్సిందే, గట్టిగానే.

వెట్టి కూడా పూర్తిగా పోలేదు. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి కంబోడియా వెళ్లి, సైబర్ మోసాల ముఠాల చెరలో పడి, 2024లో తిరిగొచ్చిన విశాఖ కుర్రాళ్లను మరిచిపోలేం. అలాగే ఉద్యోగం ఆశతో వెళ్లిన ఓ కొరియా విద్యార్థి శవం 2025 ఆగస్టులో ఇదే బోకోర్ కొండ దగ్గర దొరికింది. ఒంటి నిండా చిత్రహింసల గుర్తులు.

హోటల్ ఎంత కొత్తబడినా, దయ్యం కథ చెప్పమని అడిగే అతిథి తప్పకుండా ఉంటాడు. అడగనివ్వండి. గైడు అతణ్ని గదిదాకా తీసుకెళ్లి, దీపం తగ్గించి, జూదరి కథ ఎత్తుకోనక్కరలేదు. కారు కొండ కింద ఉండగానే, మొదటి మలుపు దగ్గరే, ఈ దారి మొదట ఎవరు తవ్వారో చెప్పడం మొదలుపెట్టొచ్చు. ముప్పై రెండు కిలోమీటర్లంటే కథకు చాలినంత సమయమే.