ఆ ట్యూబు మూత తీసే ముందు

పొద్దున్నే దుప్పటి దులిపితే తవుడులా పొట్టు రాలుతోందా? మోచేతి మీద, మోకాలి మీద చర్మం మందంగా, ఎర్రగా మారి పైన తెల్లటి పొలుసు కడుతోందా? మెడికల్ షాపుకు వెళ్లి "దురదకు ఏదైనా ఇవ్వండి" అని మాత్రం అడగకండి. ముందు చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి.

పొలుసు రాలేదల్లా ఒకటే జబ్బు కాదు. సోరియాసిస్ మచ్చకు అంచు గీత గీసినట్టు ఉంటుంది, పొలుసు వెండిలా మెరుస్తుంది. గీకితే సూదిమొనంత రక్తపు చుక్కలు కనబడతాయి. పరీక్షకని గీకకండి, గీరుకున్న చోట కొత్త మచ్చ లేవవచ్చు. తామర గుండ్రంగా పాకుతుంది, అంచు ఎర్రగా, నడుమ కాస్త మామూలుగా. పసితనం నుంచే కాళ్ల మీద చేప పొలుసుల్లా ఉంటే అది ఇక్తియోసిస్ కావచ్చు. మచ్చ మీద స్పర్శ తెలియకపోతే కుష్ఠు అనుమానించాలి. దానికి సర్కారు దవాఖానాలో మందు ఉచితం, ఆలస్యం చేయవద్దు.

ఇన్ని జబ్బులూ ఒకే ట్యూబుకు లొంగినట్టు కనిపిస్తాయి. నా భయమంతా అదే. స్టెరాయిడ్ కలిసిన క్రీము రాయగానే దురద తగ్గుతుంది, ఆపగానే తిరగబెడుతుంది. తామరైతే ఆ క్రీము చాటునే తొడలకు, నడుముకు పాకుతుంది, ఇంట్లో పిల్లలకూ అంటుకుంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం ఉల్లిపొరలా పలచబడి చారలు పడుతుంది. ఇలాంటి క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన బిగించింది. అయినా అడిగితే దొరుకుతూనే ఉన్నాయి. అడగడం మనమే మానేద్దాం.

"వేళ్లతో సహా నయం" అంటూ ఇచ్చే పేరులేని పొడులు ఇంకా ప్రమాదం. వాటిలో స్టెరాయిడ్ ఉండవచ్చు. సోరియాసిస్ ఉన్నవారు స్టెరాయిడ్ మాత్రలు ఒక్కసారిగా మానేస్తే ఒళ్లంతా ఎర్రబడి చీముపొక్కులు లేవవచ్చు. ఒళ్లంతా ఎర్రబారి, చలి పుట్టి, కాళ్లు వాస్తే తెల్లారేదాకా ఆగకండి, అప్పుడే ఆసుపత్రికి చేర్చండి. అలాంటప్పుడు చర్మం ఒంట్లోని వేడినీ నీటినీ పట్టి ఉంచలేదు.

ఇంకొక్క మాట, దయచేసి ఇంట్లో అందరికీ చెప్పండి. డాక్టరు మెథోట్రెక్సేట్ రాస్తే, సోరియాసిస్‌కు ఆ మాత్ర వారానికి ఒక్కరోజే. బీపీ మాత్రలా రోజూ మింగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవారున్నారు. చీటీ మీద వారం పేరు పెద్దక్షరాలతో రాయించుకోండి, క్యాలెండరులో సున్నా చుట్టండి. నోట్లో పుళ్లు లేస్తే మాత్ర ఆపి వెంటనే డాక్టరును కలవండి. గర్భం దాల్చాలనుకునేవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

గోళ్ల మీద చిన్న గుంతలు పడుతున్నా, పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతున్నా దాచకండి. సోరియాసిస్ కీళ్లకూ పాకుతుంది. ఈ జబ్బును పూర్తిగా పోగొట్టే మందు లేదు గానీ, అదుపులో పెట్టే పూతమందులు, కాంతి చికిత్స, మాత్రలు, ఇంజెక్షన్లు ఉన్నాయి. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేసి, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే వాజలైనో కొబ్బరినూనో రాయండి.

సోరియాసిస్ ముట్టుకుంటే అంటదు. ఆ మనిషికి విడి కంచం, విడి మంచం పెట్టకండి.

ఇంట్లో సగం వాడిన ట్యూబు ఉంటే పారేయకుండా సంచిలో వేసుకెళ్లండి. ఏం రాశారో, ఎన్నాళ్లు రాశారో డాక్టరుకు తెలియాలి.