కిటికీ సీటే... కానీ ఏ వైపు?

మొబైల్ కొనాలంటే పదిహేను రివ్యూలు చదివే మన సాఫ్ట్‌వేర్ జనాభా, విమానంలో సీటు దగ్గరికొచ్చేసరికి మాత్రం "విండో అయితే చాలు" అని ఏదో ఒకటి నొక్కేస్తారు. అదీ పైన డబ్బులు కట్టి మరీ! ఆ డబ్బులకి రెండు గంటలసేపు రెక్కని చూస్తూ కూర్చోవడం నాకైతే అన్యాయంగా తోస్తుంది.

ఎయిర్‌బస్ ఏ320లో ఎడమ కిటికీ ఏ, కుడి కిటికీ ఎఫ్. సీటు మ్యాపు ఇంతవరకే చెప్తుంది, విమానం ఏ దిక్కుకి పోతుందో చెప్పదు. కిటుకంతా అక్కడే ఉంది. ఢిల్లీ నుంచి బాగ్డోగ్రా వెళ్తున్నారనుకోండి (డార్జిలింగ్ వెళ్ళే కొత్త జంటలూ, వింటున్నారా?). ప్రయాణం తూర్పుకి కాబట్టి ఉత్తరం మీ ఎడమ చేతి వైపు, హిమాలయాలు అటే. తిరిగొచ్చేటప్పుడు ఎఫ్. విమానం ఎగిరేది పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున. ఎవరెస్టు 8,849 మీటర్లు, కాంచన్‌జంగ 8,586. అంటే మేఘాల పైకి తేలిన ఆ శిఖరాలు మనకంటే మరీ అంత కిందేమీ ఉండవన్నమాట. పైగా చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి, ఉత్తరం కిటికీలో కళ్ళు చెదరవు, మంచు మీద మాత్రం వెలుగు బాగా పడుతుంది.

వైపు కుదిరాక వరస. రెక్కకి ముందు దొరికితే సరే సరి. లేదంటే బాగా వెనక్కి పొండి. అయితే అక్కడ ఇంజను వేడిగాలికి దృశ్యం కాస్త అలలాడుతుంది, ఫోటోలు మసగ్గా వస్తాయి. బోయింగ్ 737లో ఇంకో తమాషా ఉంది. రెక్కకి కాస్త ముందు ఏసీ గొట్టం గోడలోంచి పోతుంది, అక్కడ "విండో" సీటుకి కిటికీయే ఉండదు!

ఇవన్నీ అక్కర్లేని విమానం ఏటీఆర్ 72. హైదరాబాదు నుంచి రాజమండ్రి లాంటి ఊళ్ళకి నడుస్తుంది. రెక్క నెత్తి మీద ఉంటుంది కాబట్టి, ఇంజను పక్క వరసలు వదిలేస్తే ఎక్కడ కూర్చున్నా నేల కనిపిస్తుంది. జెట్ విమానాల కన్నా తక్కువ ఎత్తులో ఎగరడం మరో వరం.

నా గొడవల్లా అమ్మానాన్నల టికెట్ల గురించే. కొందరికి జీవితంలో అదే మొదటి విమానం. మనమేమో, మూడొందలు మిగుల్తాయని సిస్టం ఇచ్చిన మధ్య సీటు ఖాయం చేసేస్తాం. "పెద్దవాళ్ళు, బాత్‌రూంకి లేవాలి కదా" అంటారు. అమెరికా ప్రయాణానికైతే ఒప్పుకుంటాను, మోకాళ్ళ నొప్పులకి నడవా పక్క సీటే మేలు. గంట ప్రయాణానికి ఆ వంకెందుకు?

మా నాన్నగారు మొదటిసారి రాజమండ్రి వెళ్ళినప్పుడు కుడి వైపు కిటికీ తీసిచ్చాను. గోదావరి వంతెనలు, డెల్టా ఉండేది విమానానికి దక్షిణాన. గాలిని బట్టి ఏ వైపు నుంచి దిగుతుందో గ్యారంటీ లేదు, కానీ ఆ రోజు కలిసొచ్చింది. దిగగానే ఫోను. "ఒరేయ్, నలభై ఏళ్ళు నీళ్ళకోసం కొట్టుకున్న కాలవలు, పైనుంచి చూస్తే దారప్పోగుల్లా ఉన్నాయిరా!" వంతెనలెన్నో లెక్కపెట్టారట కూడా.

తిరుగు టికెట్ తీసేటప్పుడు ఆయనే అడిగారు, "ఈసారి ఎడం పక్కే కదరా?" అని.